దవడ అడగడానికి వచ్చినవాడు

శనివారం సూర్యోదయానికి ప్రదర్శన తెరవాలి. ఇవాళ బుధవారం. పదహారు మీటర్ల తిమింగలానికి ఇంకా కింది దవడ లేదు.

ఆ దవడ ఎక్కడుందో ఫెర్గస్‌కి తెలుసు. సముద్రం ఒడ్డున, మావోరీల సభాప్రాంగణం మరాయె పక్కనున్న రేకుల షెడ్డులో. రెండేళ్ళ కిందట తిమింగలం ఒడ్డుకు కొట్టుకొచ్చి చనిపోతే, ఆ మరాయె వంశంవాళ్ళు దానికి తామారౌ అని పేరు పెట్టారు. సొంత మనిషి పోయినట్టే ఏడ్చారు. దవడ తమ దగ్గర ఉంచుకుని, మిగతా ఎముకలు పుకెమోవా మ్యూజియానికి ఇచ్చారు.

షెడ్డులో ఒకమ్మాయి మోకాళ్ళమీద కూర్చుని, ఎముకలోంచి ఇంకా ఊరుతున్న నూనెను గుడ్డతో తుడుస్తోంది. ఆమె ఎత్తుకు రెండింతలు పైనే ఉంది ఆ దవడ.

"టిరియా గారంటే మీరేనా అండీ? నేను మ్యూజియంలో ఎముకలు బిగించేవాణ్ణి. ఇదిగో అనుమతి పత్రం. సంతకం పెడితే తీసుకెళ్తాను. ట్రక్కు బయటే ఉంది."

ఆమె తలెత్తి చూసింది. ఫెర్గస్ ఒక క్షణం ట్రక్కు సంగతి మర్చిపోయాడు.

"ట్రక్కు తెచ్చావు, కాగితం తెచ్చావు. మనుషులేరీ?"

"డ్రైవర్ ఉన్నాడు."

"పాడతాడా?"

"ఏమో, అడగలేదు."

"మా దగ్గరికి ఏదైనా అడగడానికి వచ్చేవాళ్ళు తమ మనుషులతో వస్తారు. ఒకరు మాట్లాడతారు. మాట అయ్యాక మిగతావాళ్ళు వెనక నిలబడి పాడతారు. నువ్వేమో పోస్టాఫీసులో పార్సెల్ తీసుకోవడానికి వచ్చినట్టు వచ్చావు."

"నాకు మనుషులు లేరండీ," అన్నాడు ఫెర్గస్. జాలి కోసం కాదు, ఉన్నమాట. ఊహ తెలిసినప్పటినుంచి ఎవరెవరి ఇళ్ళలోనో పెరిగాడు. ఇప్పుడు ఊరికో ఆరు నెలలు, మ్యూజియానికో అస్థిపంజరం. తర్వాతి పనికి ఆదివారం డార్విన్ ఊరికి విమానం. ఆ మాటా చెప్పేశాడు.

టిరియా గుడ్డ పిండింది. "అందరికీ ఉంటారు. వెతుక్కో. ఆ 'అండీ' కూడా తీసెయ్, వినలేకపోతున్నాను."

* * *

గురువారం మధ్యాహ్నం జోరున వాన. గొడుగు లేకుండా తడిసి వచ్చిన టిరియా టికెట్ కొనుక్కుని మ్యూజియం లోపలికొచ్చింది. పై అంతస్తులో ఊరి చిత్రకారులు వేసిన సముద్రాలు, ఎడమ గదిలో అగ్నిపర్వతాలు, కుడి గదిలో పాత పడవలు. అవేవీ చూడలేదు. నడిమి హాల్లోకి అడుగుపెట్టి ఆగిపోయింది.

పైన, సన్నటి ఉక్కు తీగల మీద, తామారౌ ఈదుతున్నాడు.

వెన్నుపూసలు ఒకదాని వెనకొకటి వంపు తిరిగి చీకట్లోకి దిగుతున్నట్టున్నాయి. పక్కటెముకల మధ్య ఒక కుటుంబం కాపురం పెట్టొచ్చు. రెక్కల చివర, అచ్చం మనిషి చేతిలో ఉన్నట్టే, వేళ్ళు. టిరియా తన చెయ్యి చూసుకుంది. మళ్ళీ పైకి చూసింది.

"వేళ్ళున్నాయి," అంది గుసగుసగా.

"ఐదు," అన్నాడు ఫెర్గస్, నిచ్చెన దిగుతూ. "నేనూ మొదటిసారి లెక్కపెట్టినప్పుడు కూలబడ్డాను."

పైకప్పు మీద వాన చప్పుడు.

"కిలోమీటరు లోతుకు దిగుతాడు," అన్నాడు అతను. "అక్కడ వెలుతురుండదు. టక్ టక్‌మని చప్పుడు చేస్తాడు. అది దేనికైనా తగిలి తిరిగొస్తే, కింది దవడే దాన్ని పట్టి లోపలి చెవికి చేరుస్తుంది. అందుకే అడుగుతున్నాను. దవడ లేకపోతే చూడ్డానికి బాగుండదని కాదు. ఇప్పుడు ఇతనికి ఏమీ వినపడదు."

టిరియా కళ్ళు నిండాయి. "రెండేళ్ళు తుడిచాను. చెవి తుడుస్తున్నానని నాకు తెలియదు."

"మరి ఇస్తావా?"

"ఇచ్చేది నేను కాదు, నానమ్మ. రేపు పదింటికి రా. ఒక్కడివే రాకు."

ఆమె వెళ్ళగానే టికెట్ కౌంటర్లోంచి బెరిల్ వచ్చింది. అరవై దాటిన మనిషి. చెవులు మాత్రం పదునే.

"మనుషులు లేరన్నావట, ఆ అమ్మాయి టికెట్ కొంటూ చెప్పింది. రోజూ నీకు టీ పోస్తున్నదాన్ని, నేనెవర్ని, గోడకి కొట్టిన మేకునా?"

"అది కాదు బెరిల్..."

"నోర్మూసుకుని పాట నేర్చుకో. మాట్లాడ్డానికి మన కాపలాదారు హోని ఉన్నాడు, వాళ్ళ భాషే."

సాయంత్రం పడవల గదిలో సాధన. డైరెక్టర్, క్యాంటీన్ వంటాయన, ఊడ్చే ఇద్దరు, ఫెర్గస్. హోని ఓపిగ్గా విన్నాడు.

"అవతలి గదిలో అగ్నిపర్వతం బొమ్మ మీకన్నా శ్రుతిలో గొణుగుతుంది," అన్నాడు. "ఫరవాలేదు. రండి."

* * *

శుక్రవారం పదింటికి మరాయె ముంగిట ఇటు ఏడుగురు, అటు నలభైమంది. మధ్యలో ఖాళీ పచ్చిక. నానమ్మ హూరియా ఒంటిగొంతుతో పిలిచింది. ఆ పిలుపుకి ఫెర్గస్ వీపు మీద రోమాలు లేచాయి. బతికున్నవాళ్ళనే కాదు, వాళ్ళ వెనకున్న చనిపోయినవాళ్ళని కూడా రమ్మంటున్నట్టుంది.

హోని మాట్లాడాడు. చివరికి చెవిటి తామారౌ గురించి చెప్పాడు. అటువైపు ఎవరూ కదల్లేదు.

తర్వాత పాట. బెరిల్ మరీ హెచ్చుగా ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర గొంతు జీరబోయింది. వంటాయన మాటలు మింగేశాడు. చివరికి ఫెర్గస్ ఒక్కడి గొంతే మిగిలింది, అదీ వణుకుతూ. పాట మధ్యలో తెగితే అక్కడ మంచిది కాదు. అడగడమూ అక్కడితో సరి.

నానమ్మ పక్కనుంచి టిరియా లేచింది.

ఎవరినీ అడగలేదు. నలభైమంది చూస్తుండగా తనవాళ్ళని వదిలి, పచ్చిక దాటి, ఇటువైపు వచ్చింది. ఫెర్గస్ భుజం పక్కన నిలబడి, తెగబోతున్న చోటే పాట అందుకుంది. మిగతావాళ్ళ గొంతులు ఆమె గొంతు పట్టుకుని లేచాయి. పాట పూర్తయింది.

హూరియా చాలాసేపు ఆ ఇద్దరినీ చూసింది.

"తీసుకెళ్ళండి. వాడు మావాడే. మీ ఇంట్లో ఉంటాడు, అంతే."

* * *

శనివారం తెల్లవారుజామున ప్రార్థన చదువుతూ అందరూ హాల్లోకి వచ్చారు. సరిగ్గా అప్పుడే తూర్పు అద్దాల్లోంచి ఎండ పడింది. తామారౌ నీడ, దవడతో సహా, గోడ మీదుగా, జనం మొహాల మీదుగా ఈదుకుంటూ పోయింది. చంకలోని పిల్లలు కూడా కిక్కురుమనలేదు.

హూరియా చేతికందేలా దిగిన దవడ మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. తిరిగి ఫెర్గస్ వైపు చూసింది.

"ఈ పిల్ల పచ్చిక దాటినప్పుడే మా నలభైమందికీ అర్థమైంది అబ్బాయ్. నీకింకా అర్థం కాలేదా?"

"అయింది నానమ్మా. అడిగే ధైర్యం లేక రాత్రంతా మరలు బిగించాను. బిగించినవే మళ్ళీ బిగించాను."

"ఇప్పుడు అడుగు," అంది టిరియా. చెంపలు ఎర్రబడ్డాయి కానీ చూపు దించలేదు. "విమానం రేపేగా."

ఫెర్గస్ ఆమె వైపు తిరిగాడు. "వెళ్ళాలని లేదు. నువ్వుంటే ఇక్కడే ఉండిపోతాను. ఉండనా?"

టిరియా దగ్గరికొచ్చింది. మావోరీలు తమవాళ్ళని దగ్గరికి తీసుకునే తీరులో నుదుటికి నుదురు, ముక్కుకి ముక్కు ఆనించి కళ్ళు మూసుకుంది. ఇద్దరూ ఒకే ఊపిరి పీల్చుకున్నారు.