కంటిపైకం

తెర మీద నాడి గీత చివ్వున లేచి, అంతే తొందరగా దిగిపోయింది. హైమ రెండోసారి చూడకుండానే "మోజు" అని మీట నొక్కింది. మోజుకి అంగడి చిల్లిగవ్వ ఇవ్వదు. తర్వాతి తగువులో ఎవరో ఒకావిడ వీధిలో కుక్కని చూసి హడలిపోయింది. ఆ కుక్కగలాయన, దాని మెడపట్టీ చూసే ఆవిడ గుండె కొట్టుకుందనీ, తనకి పైకం పడాల్సిందేననీ పోట్లాడుతున్నాడు. దడ. కొట్టేసింది. ఆ తర్వాతది మాత్రం అసలుసిసలు కడుపుమంట: గీత నెమ్మదిగా లేచింది, పైన చతికిలబడింది, ఇక దిగనంది. పెళ్ళి భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి ఎదురు బంతిలోని బావమరిది ఉంగరం చూశాడు. మంట ఖాయం. బావమరిది ఖాతాలో కంటిపైకం పడింది. ఆయన ఆ పైకంతో ఫోనులోనే అంగడి తెరిచి ఇంకో ఉంగరం కొంటాడు, ఈయన ఇంకోసారి కుళ్ళుకుంటాడు. లోకం నడవాలి కదా మరి.

వెనకటికి లారీల వెనక "నన్ను చూసి ఏడవకురా" అని రాయించుకునేవారట. ఇప్పుడు కాకినాడ నిండా "రండి, చూసి ఏడవండి" అని పిలుపులే. దిష్టి తీసుకునే ముసలమ్మలు కూడా మానేశారు. తగిలిన దిష్టి తగిలినట్టే ఖాతాలో పడుతుంటే ఉప్పూ మిరపకాయలూ తగలేసుకోవడం ఎందుకు? మణికట్టు పట్టీ నాడి చెబుతుంది, మెళ్ళోని పూసకన్ను నువ్వు దేన్ని చూశావో చెబుతుంది, ఎవరి మంట ఎవరికి చేరాలో అంగడి చూసుకుంటుంది. ఎవరు మండారో మాత్రం బయటికి చెప్పదు. పాటించాల్సిన మర్యాద ఒక్కటే. ఎవరింటికి వెళ్ళినా కళ్ళప్పగించి చూడాలి, నోరు మూసుకుని రావాలి. "అబ్బ, నాకు కడుపు మండిపోతోందమ్మా" అని నోరు జారితే ఆ మంట చెల్లదు. కక్కేసిన మనిషి రేపు కొనడానికి రాదు, మింగినదే వస్తుంది. అంగడి ఆ ముక్క ఎప్పుడో కనిపెట్టింది. అందుకే ఎదటి మనిషి ముందు కుళ్ళు బయటపెట్టడం అంటే వాళ్ళ జేబు కొట్టినంత తప్పు.

యంత్రం తేల్చుకోలేని మంటలు తూకందార్ల బల్ల మీదికి వస్తాయి. హైమ పెద్ద తూకందారు. ఆవిడ చూసి మంటంటే మంట, దడంటే దడ.

ఆ పూట వచ్చిన తర్వాతి తగువు తెరవగానే హైమ చెయ్యి ఆగిపోయింది. జగన్నాథపురం, మేడమీది వసారా. వస్తువు: ఉయ్యాల బల్ల. గీత తెర పైఅంచు దాటి పోయింది. కింద యంత్రం అడుగుతోంది: "ఉయ్యాల బల్లకి ఇంత మంట ఉంటుందా?"

చప్పుడు పెట్టి విన్నది. గొలుసుల కిర్రుమోత. పిల్ల నవ్వు. తర్వాత దగ్గరగా, ఎవరో ఊపిరి బిగబట్టి గుటక మింగడం.

ఆ పిల్ల నవ్వు మిథిలది. ఆ గుటక తనది.

నిన్న సాయంత్రం కూతుర్ని తీసుకెళ్ళడానికి తోటికోడలు మేదిని ఇంటికి వెళ్ళింది హైమ. మిథిల ఉయ్యాల మీద పిన్ని ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. మేదిని దాని జడ విప్పి, వేళ్ళతో చిక్కు తీస్తూ ఏదో కబురు చెబుతోంది. ఇంట్లో దువ్వెన చూస్తే పారిపోయే పిల్ల అక్కడ పిల్లిపిల్లలా కళ్ళు మూసుకుంది. అమ్మని చూసి కళ్ళు తెరిచి అన్నది ఒకే ఒక్క మాట: "అప్పుడే వచ్చేశావా?"

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడుపు అంటారు. మేదిని నవ్వింది కూడాను.

హైమకి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ఇప్పుడు ఒక్కొక్కటీ అర్థమవుతోంది. ముందు మేదిని ఇంట్లో రంగుల గొడుగు వచ్చింది, దాని కింద పిల్లతో కలిసి కూర్చుంది, తను చూసి మండింది. ఆ మంటతో చేపల తొట్టి వచ్చింది. తొట్టి చూడ్డానికి పిల్ల రోజూ వెళ్ళసాగింది, తను ఇంకా మండింది. ఆ మంటతో ఉయ్యాల వచ్చింది. ఊరందరి కుళ్ళూ తూచే మనిషి, తన కుళ్ళు తన పిల్లనే లాక్కుపోతోందని చూసుకోలేదు. తన మంట మీదే మేదిని వంట వండుకుంటోంది.

పైగా మొన్న ఆ మహాతల్లి ఏమంది? "ఇంకొక్క పెద్ద మంట తగిలితే చాలక్కా, మిథిలకి మా ఇంట్లో గది తెప్పించేస్తా. మంచం, బల్ల, గోడల నిండా ఆకాశం. రోజూ ఇటూ అటూ తిరగడం ఎందుకు? ఇక్కడే పడుకుంటుంది."

ఆ పెద్ద మంట ఇదే. ఖాయం చేస్తే గది వస్తుంది. గది వస్తే పిల్ల రాదు.

"ఏమ్మా హైమా, ఆగిపోయావ్?" పక్క బల్ల నుంచి ఉస్మాన్ గారు అడిగారు. ఆయన ఈ తూకం కొలువులో తలనెరిసిన మనిషి.

"ఏం లేదండీ. చిన్న తగువు."

"చిన్న తగువైతే మొహం అలా మాడిపోయిందేం?"

హైమ వేలు "దడ" మీట మీదికి వెళ్ళింది. నొక్కితే అయిపోతుంది. ఎవరికీ తెలియదు. మేదిని గది మేదిని కలలోనే ఉంటుంది. అబద్ధం కూడా కాదేమో, నిన్న తనకి భయం వేయలేదా? కానీ వేలు దిగలేదు. ఇన్నాళ్ళూ దొంగతూకం వేయని చెయ్యి మొండికేసింది. తగువు పక్కన పెట్టి, మధ్యాహ్నం భోజనం వేళకి సరాసరి జగన్నాథపురం వెళ్ళింది. తేల్చుకుందామనే వెళ్ళింది. పోట్లాటకి అన్నం కంటే ఎక్కువ బలం ఉంటుంది.

మేదిని ఉయ్యాల మీద కూర్చుని మిథిల గౌనుకి ఊడిన గుండీ కుడుతోంది. పిల్ల బడిలో ఉంది.

"ఏంటక్కా ఈ వేళప్పుడు? అన్నం తిన్నావా?"

"నాకెందుకు అన్నం? నువ్వు నన్ను తింటున్నావుగా."

మేదిని సూది ఆపింది. "ఏమైంది?"

"ఏమవుతుంది? నిన్ను చూస్తే నాకు కుళ్ళు. కడుపులో కుంపటి పెట్టినట్టు ఉంటుంది. విన్నావా?"

మేదిని గబుక్కున లేచి ఫోను మీద అరచెయ్యి పెట్టింది. "అక్కా! నోటితో అనకు, పోతుంది!" అప్పటికే ఫోను పలికింది: "పలికిన మంట. చెల్లదు."

"పోనీ. నీ సొమ్మేం పోయింది, పోతే నా కడుపులోది పోతుంది."

"ఉయ్యాల మీద మనసైతే చెప్పొచ్చుగా, నీకూ ఒకటి తెప్పిస్తాను."

"ఉయ్యాల ఎవరిక్కావాలే!" హైమ గొంతు పెంచింది. "నీ ఉయ్యాలా వద్దు, నీ చేపలూ వద్దు. నా పిల్ల నీ ఒళ్ళో అంత హాయిగా పడుకుంటే నాకు మండింది. అప్పుడే వచ్చేశావా అందే అది, నన్ను! పిల్లలు వద్దని ముందే చెప్పి పెళ్ళి చేసుకున్న మనిషివి. మరి నా పిల్ల ఎందుకు నీకు?"

ఫోను మళ్ళీ "చెల్లదు" అంది. ఇద్దరూ పట్టించుకోలేదు.

మేదిని గౌను మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "కనడం వద్దన్నానక్కా," అంది చివరికి. "ఇదొచ్చి ఒళ్ళో కూర్చుంటుందని నాకేం తెలుసు?" గౌను పక్కన పెట్టి అడిగింది, "రోజూ సాయంత్రం నీ చెప్పులకి పైకం పడుతోందా?"

హైమ తెల్లబోయింది. నిజమే. ఈమధ్య అంగడి రోజూ చెబుతోంది, "మీ చెప్పులు కళ్ళు తిప్పుకోనివ్వడం లేదు" అని. ఆ పైకంతో ఇంకా మంచి జతలు కొంటోంది కూడా. అటక మీద చెప్పుల పెట్టెలు పేరుకున్నాయి. చెప్పుల ఎంపికలో తనంతటిది లేదని లోలోపల కాస్త మురిసిపోయింది కూడాను.

"ఆ మంట నాదే," అంది మేదిని. "నీ చెప్పులు ఏ రంగో కూడా నాకు తెలీదు. నువ్వు దాన్ని తీసుకుని మెట్లు దిగుతుంటే కిందికి చూస్తా. నీ వేలు పట్టుకుని గెంతుకుంటూ పోతుంది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడదు. పూసకన్నుకి నీ చెప్పులు కనబడ్డాయి, నాకు కనబడేది మిథిల."

జాలిపడాల్సిన చోటు. హైమకి జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే ఎండన పడి వచ్చినవాళ్ళకి చల్లటి మజ్జిగ ఇచ్చినట్టయింది. వెనక్కి తిరిగి చూడదట! ఆ మాట ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది. అంతలోనే సిగ్గేసింది. గిరుక్కున తిరిగి మెట్లు దిగింది.

బల్ల దగ్గరికి వచ్చి పక్కన పెట్టిన తగువు తెరిచింది. చెల్లనిది ఇవాళ కక్కిన మంటే, నిన్న మింగినది అలాగే ఉంది. మోజు, దడ, మంట: మూడు మీటలూ వెలుగుతున్నాయి. వాటి పైన వస్తువు గడిలో "ఉయ్యాల బల్ల" అని యంత్రం రాసింది. ఆ గడిని తూకందార్లెవరూ ముట్టుకోరు. ముట్టుకోకూడదని నియమమేం లేదు, ఎవరికీ అవసరం పడలేదంతే. హైమ "మంట" నొక్కింది. గడిలో మాట చెరిపేసి "మా మిథిల" అని రాసింది.

ఉస్మాన్ గారు తొంగిచూసి ఉలిక్కిపడ్డారు. "పిచ్చా నీకు? మంట నీదని తెలిసిపోతుంది. సొంత మంట తూచావంటే కొలువు పోతుంది."

"మరి ఉయ్యాలని చూసి మండానని రాయమంటారా? నేను మండలేదండీ దాన్ని చూసి."

యంత్రం అంగడంతా వెతికింది. "ఈ వస్తువు లేదు," అంది. "ధర తెలపండి," అంది. హైమ చేతులు కట్టుకుని కూర్చుంది. కాసేపటికి యంత్రం మళ్ళీ రాసింది: "మంట నిజం. వస్తువు అమ్మకానికి లేదు. పైకం నిలిపివేయబడింది. ఇటువంటివి మరల చూడవలెను."

ఇటువంటివి అంటే, వస్తువు పక్కన మనిషి ఉన్న ప్రతి మంటా. హాలు పొడవునా తెరల మీద ఖాయమైపోయిన తగువులు మళ్ళీ తెరుచుకోసాగాయి. ఉంగరం, కారు, వంటగది, పట్టుచీర. ఒక్కోదాని పక్కన ఎవరో ఒకరు. వస్తువు గడి ఖాళీగా మిణుకుమంటోంది. ఊరంతా పైకం ఆగిపోయింది. కింద వీధిలో ఫోన్లు పట్టుకుని జనం తలలెత్తి ఈ మేడ వైపే చూస్తున్నారు.

పెద్ద ఆఫీసరు సింహాద్రి గారు పరుగున వచ్చారు. "ఎవరు చేశారిది?"

"నేనేనండీ."

"హైమగారూ, మీరా! ఉయ్యాల అని రాసేయండి, అన్నీ సర్దుకుంటాయి. ఒక్క మాట. మీ కొలువుకి నేను పూచీ."

"మంట తూచి నిజం చెప్పమనే కదండీ నాకు జీతం. చెప్పాను."

"నిజానికి ధర లేకపోతే నేనేం చేసుకోనమ్మా?"

పక్క బల్ల దగ్గర ఉస్మాన్ గారు తన తెర వైపు చాలాసేపు చూశారు. ఎవరో మగమనిషి పక్కింటి కారుని చూసి మండిన పాత తగువు అది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "కారు" చెరిపేసి, "ముందు సీట్లో నవ్వుతున్న మనిషి" అని రాశారు. సింహాద్రి గారు కుర్చీ లాక్కుని కూలబడ్డారు.

హైమ ఫోను మోగింది. మేదిని.

"అక్కా, నా పైకం ఆగిపోయింది. గది ఇక రాదట."

"తెలుసు. ఆపింది నేనే."

తిడుతుందనుకుంది హైమ. తిడితే బాగుండుననీ అనుకుంది, తిరిగి తిట్టడానికి బోలెడు మాటలు సిద్ధంగా ఉన్నాయి.

"సాయంత్రం దానికోసం వస్తావుగా?" అంది మేదిని.

"రాకేం చేస్తా?"

"వచ్చి ఎప్పుడూ గుమ్మంలోనే నిలబడతావు. కాస్త కూర్చోరాదూ."

"కూర్చుంటే నువ్వు దానికి జడ వేయడం చూడాలి. నా వల్ల కాదు. అక్కడే అరిచేస్తా, ముందే చెబుతున్నా."

"అరిచెయ్," అంది మేదిని. "మెట్లు దిగేటప్పుడు నేనరుస్తా."