ఐసు ఫ్యాక్టరీ గుంటలో గొంతు

మూతపడ్డ ఆ ఐసు ఫ్యాక్టరీ పేరెత్తితే చాలు, చుట్టుపక్కల వాళ్ళు మాట మార్చేస్తారు. దాని వెనక షెడ్డులో పాత నీళ్ళగుంట ఒకటుంది. ఒకప్పుడు రాత్రి డ్యూటీలో పనివాడొకడు జారి అందులో పడ్డాడట. తెల్లారేదాకా మూలిగాడట... యంత్రాల హోరులో ఎవరికీ వినపడలేదట. ఆ మూలుగు ఇప్పటికీ వినిపిస్తుందని చెప్పుకుంటారు.

అది విని కూడా కదలకుండా కూర్చున్న మనిషి ఒకడున్నాడు. అతని సంగతి నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను, నమ్మితే నమ్మండి.

అతను పళ్ళ డాక్టరు. పగలంతా జనం నోళ్ళలోకి తొంగిచూడటం, చీకటిపడితే టార్చీ పట్టుకుని ఏ మూల ఏ కప్ప ఉంది, ఏ పాము ఉంది అని నమోదు చెయ్యడం. జీతం లేదు, భత్యం లేదు. అలాంటి పిచ్చి పట్టినవాళ్ళు ఊళ్ళో ఇంకొందరున్నారు. వాళ్ళకి పెద్ద ఒక లెక్చరరమ్మ. జనం అతన్ని కప్పల డాక్టరనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది సాక్షాత్తూ అతని బావ!

డాక్టరు ఉండేది అక్కాబావల ఇంట్లోనే, మేడమీద గదిలో. బావ లారీల బ్రోకరు. నోరు పెద్దది, వేళాకోళం ఇంకా పెద్దది. "ఏరా, ఇవాళ ఏ కప్పకి పన్ను పీకావు?" అననిదే ఆయనకి ముద్ద దిగేది కాదు. డాక్టరు పైకి నవ్వేసేవాడు గాని, లోపల కుతకుతలాడిపోయేవాడు.

ఆ గుంటని మట్టితో పూడ్చేస్తారని కబురొచ్చింది. అందులో బొంగురు కప్ప ఉందని డాక్టరు నమ్మకం. అది అరిస్తే మూలిగినట్టే ఉంటుంది, ఊళ్ళో దాని గొంతు ఎవరైనా విని ఏళ్ళు గడిచాయి. "ఒక్కసారి రికార్డు చేసి తీసుకురండి, పూడ్చకుండా నేను ఆపిస్తాను" అంది లెక్చరరమ్మ.

ఆ రాత్రే వెళ్తానని భోజనాల దగ్గర చెప్పాడు.

"అక్కడ దెయ్యం మూలుగుతుందటగా?" అన్నాడు బావ.

"దెయ్యాల్లేవు బావా. ఏ చప్పుడు వెనకైనా ఒక ప్రాణి ఉంటుంది."

"చూస్తాగా... ప్యాంటు తడుపుకుని పరుగెత్తుకురాకపోతే అప్పుడు చెప్పు!"

"తినేటప్పుడు ఆ మాటలేంటండీ" అని అక్క కసిరింది. బావ పడీపడీ నవ్వి, చెయ్యి కడుక్కుని, పేకాటకని బయటికి పోయాడు.

ఏమైనా సరే, ఇవాళ మాత్రం పరుగెత్తకూడదు — అనుకున్నాడు డాక్టరు.

షెడ్డు తలుపు తోస్తే కిర్రుమంది. లోపల తుప్పు వాసన, పాచి వాసన. ఒక డబ్బా బోర్లించుకుని కూర్చుని టార్చీ ఆర్పేశాడు. కప్పల గొంతు వినేవాళ్ళ నియమం అది. వెలుతురు పడితే అవి నోరు మూసేస్తాయి. కదలకూడదు, మాట్లాడకూడదు... చీకట్లో చెవులు రిక్కించి కూర్చోవడమే.

చిన్న కప్పలు టిక్కు టిక్కు మంటున్నాయి.

ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

దభీమని ఏదో నీళ్ళలో పడింది!

 పైకప్పు పెచ్చు ఊడిపడిందేమో... చెయ్యి టార్చీ మీదికి పోయింది. అంతలో బావ నవ్వే మొహం గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు వినపడింది.

"హ్మ్మ్... మ్మ్మ్..."

లోతుగా, బొంగురుగా — నీళ్ళలోంచి. ఆగి... మళ్ళీ.

 ప్రాణి, ప్రాణి అని మంత్రంలా అనుకున్నాడు. అలా అనుకోగా అనుకోగా భయం కాస్తా సంబరమైంది. బొంగురు కప్ప! ఫోను నొక్కి రికార్డు చేశాడు.

వాళ్ళ పనిలో ఒక కిటుకుంది. మగకప్పకి దాని అరుపే వినిపిస్తే, తన చోటుకి ఇంకొకడెవడో వచ్చాడనుకుని రెట్టించి అరుస్తుంది. డాక్టరు ఫోనుకి చిన్న స్పీకరు తగిలించి, ఆ మూలుగుని గుంటవైపు వినిపించాడు.



అంతే — గుంట గట్టిగా మూలిగింది. నీళ్ళు దబదబా కొట్టుకున్నాయి.

"అరవరా నాయనా, అరవరా..." అని పెదవుల్లోనే గొణుక్కున్నాడు. మళ్ళీ వినిపించాడు. మళ్ళీ జవాబు. ఒక్కటే చిత్రం — మామూలుగా కప్ప శత్రువు మీదికి వస్తుంది. ఇది దూరం జరుగుతోంది... అవతలి గోడవైపు. డాక్టరు శబ్దం ఇంకా పెంచాడు.

పోనుపోను ఆ గొంతు సన్నబడింది. కాసేపటికి జవాబే లేదు. పాపం బెదిరింది కాబోలు, ఇంక విసిగించకూడదని, టార్చీ కూడా వెయ్యకుండా పిల్లిలా బయటపడ్డాడు. కప్పల మీద అంత దయ అతనికి.

తెల్లారి వంటింట్లో అక్క మూతి ముడుచుకుని ఉంది.

"మీ బావ ఇంకా కొంప చేరలేదు. పేక పట్టుకుంటే పెళ్ళాం గుర్తుండదు ఆయనకి."

"రానీ అక్కా, ఆయన నోరు మూయించే సరుకు తెచ్చాను. ముందు నువ్వు విను!"

టీ వడపోస్తూ వింది. రెండో మూలుగుకి గిన్నె దించేసింది.

"మళ్ళీ పెట్టు."

పెట్టాడు. "ఎలా ఉంది? దీన్ని పట్టుకుని దెయ్యమంటారు! కప్ప అక్కా, కప్ప..."

అక్క పొయ్యి ఆర్పేసింది.

"కిడ్నీలో రాయి పడ్డప్పుడు రాత్రంతా నా పక్కన ఇలాగే మూలిగారు" అంది. "ఇది మీ బావ రా..."

బావమరిదిని జడిపిద్దామని బావ తలకి తడిగోనె కట్టుకుని, షెడ్డు వెనక కన్నంలోంచి దూరాడట. చీకట్లో గుంట అంచు తెలియలేదు. పక్కటెముకలు విరిగి మాట పెగల్లేదు. చెయ్యి విరిగి గోనె ముడి ఊడలేదు. లైటు వెలగలేదు, మనిషి పలకలేదు — బావమరిది ఎప్పుడో పారిపోయాడనే అనుకుని ఉంటాడు. మరి గట్టుమీద అచ్చం తనలాగే మూలిగేదెవరు?

పిరికివాడెవడైనా ఆ డబ్బా మీద కూర్చుని ఉంటే, దెయ్యం దెయ్యమని కేకలు పెట్టి వీధంతా లేపేవాడనీ, బావ బతికేవాడనీ ఇప్పటికీ అంటారు.

శవం అవతలి మూల దొరికింది. గోడ పాచిలో గోళ్ళ గీతలు. గుంటలోంచి పైకి రావడానికి ఇనపమెట్లు ఒక్కవైపే ఉన్నాయి, డాక్టరు కూర్చున్న వైపు.

అక్క తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆ మెట్ల దగ్గర నిలబడి తమ్ముణ్ణి మెల్లిగా ఒక్క మాట అడిగింది.

"మెట్లు ఇటుంటే... ఆయన అటెందుకు వెళ్ళారు రా?"

డాక్టరుకి తెలుసు. జేబులో ఉన్న చిన్న స్పీకరుని ఇంకా లోపలికి తోసుకున్నాడు.