ఎవరికీ చెప్పని బోరు

హెడ్‌క్వార్టర్స్ నుంచి ఆర్డర్ రెండు ముక్కల్లో వచ్చింది: "ఆదోని-ఎమ్మిగనూరు రోడ్డు, సిద్దప్ప చేను. పన్నెండు గంటల రీడింగును కాపాడు."

ఎండిన బోర్లో కాపాడేదేముంది? పాతకాలపు ఎండ! నేలమీది వేడి ఏళ్ల తరబడి రాతిలోకి దిగుతుంది. థర్మామీటరు దింపితే ఒక్కో లోతు ఒక్కో కాలం సంగతి చెబుతుంది. ఇందుకు చెట్టు కాండంలోని వలయాలను అంతగా నమ్మలేం, వాన తప్పినా సన్నబడతాయి. అందుకే ఎండల లెక్క తేల్చే ప్రభుత్వ కమిటీ బోర్లనే నమ్ముకుంది. ఎండలు పెరిగాయని తేలితే కూలీలకు మధ్యాహ్నం పని ఆపే రూలు వస్తుంది. అది రాకూడదని ఒక విదేశీ పత్తి ముఠా పట్టుబట్టింది.

ఏజెంట్ జాషువా కొబ్బరికాయ పట్టుకుని, నీళ్లు చూసే మనిషి వేషంలో చేలోకి దిగాడు. కాంటాక్ట్ డాక్టర్ అశ్విని ఎదురొచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎండకు చెదరని లిప్‌స్టిక్, చేతిలో పిస్టల్.

"నువ్వు డబుల్ ఏజెంటువా?"

"ఇప్పుడా తెలిసేది? ఈ చేలో ఎండిన బోర్లు నాలుగు. నాలుగింట్లోనూ ట్యాంకర్లతో చల్లనీళ్లు పోయించాను. ఇక రాయి అబద్ధమే చెబుతుంది."

ఫోన్లు లాక్కుని, అతన్నీ చేను రైతు సిద్దప్పనీ రేకుల షెడ్డులోకి తోసి తాళం వేసింది. కొబ్బరికాయను చూసి నవ్వి వదిలేసింది.

షెడ్డు పెనంలా కాలుతోంది. కిటికీ లేదు. గట్టు అవతల రీడింగు కోసం దిగిన కమిటీ జనరేటర్ హోరులో వీళ్ల అరుపులు ఎవరికీ వినబడలేదు. తలుపును గుద్ది గుద్ది జాషువా కూలబడ్డాడు. నిజంగానే భయమేసింది.

"పోయిన ఎండాకాలం మా ఇంటామె పార్వతమ్మ ఈ చేన్లోనే పడిపాయె," అన్నాడు సిద్దప్ప. "రూలు రాకుంటే మళ్లా ఈ ఎండలోకే పోతాది. ఈసారి సచ్చిపోతాదన్నా."

"ఏం చెయ్యనప్పా? నాలుగు బోర్లూ పాడుచేసింది."

సిద్దప్ప నసిగాడు. "ఐదోది ఒకటుండాది. మా ఆమె పుట్టింటికి పోయినప్పుడు ఏయిస్తి. అదీ ఎండిపాయె. బండ కప్పి, పైన ఈ షెడ్డు కట్టేస్తి."

"ఓరి నీ! బండ పట్టు!"

కొబ్బరికాయ రెండుగా విడింది. లోపల థర్మామీటరు, దారమంత వైరు, ట్రాన్స్‌మిటర్. చెమట కళ్లలోకి కారుతుండగా జాషువా వైరు దింపి, రీడింగులు నేరుగా కమిటీకి పంపాడు. "నాలుగు బోర్లలో అశ్విని నీళ్లు పోయించింది. ఐదో బోరును ఎవరూ ముట్టలేదు. దీన్నే నమ్మండి!"

సరిగ్గా పన్నెండుకు మైకు మోగింది. "సిద్దప్ప ఐదో బోరు రీడింగే ఖాయం! ఎండలు పెరిగినమాట నిజం. రూలు పాస్! డాక్టర్ అశ్విని, కదలొద్దు!"

కాసేపటికి బయట తాళం పగిలింది. ఎదురుగా గడ్డపారతో పార్వతమ్మ.

"ఐదోదా? ఎవర్ని అడిగి ఏయించినావ్?"

సిద్దప్ప ఏజెంటు వెనక నక్కాడు. "అన్నా, తలుపు మూసెయ్!"

పిస్టల్‌కు బెదరని జాషువా లోపలినుంచి గడి పెట్టాడు.