ఆరు గంటల నాడి

మా ఆస్పత్రి రికార్డుల గది మెట్ల కింద ఉంది. కిటికీ లేదు. శ్రీకాకుళంలో వాన మొదలైతే ముందు ఆ గోడలే చెమరుస్తాయి. అక్కడ కూర్చుని నెల రోజులుగా పాత కేసు షీట్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను.

పదకొండేళ్లు వార్డుల్లో నడుం విరగ్గొట్టుకుంటూనే నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ కోర్సు చేశాను. రోగి వివరాలన్నీ తప్పుల్లేకుండా కంప్యూటర్‌లో ఉంచే నర్సు పని అది. షీట్లన్నీ శుక్రవారానికి పూర్తయితే ఆ ఉద్యోగం నాది. లేకపోతే మళ్లీ వార్డే.

"జ్ఞానక్కా, ఒక్క గడి ఖాళీగున్నా అది ఒప్పుకోదు, సూసుకో" అని సాఫ్ట్‌వేర్ చూసే ప్రకాష్ ముందే చెప్పాడు.

గడులన్నీ నేను ఆలోచించి పెట్టించినవే. అందులో ఒకటి: 'నాడి చేత్తో పట్టుకుని చూశారా? అవును / లేదు.' భలే ప్రశ్న పెట్టావని సూపరింటెండెంట్ మేడమ్ మెచ్చుకున్నారు. ఎందుకు పెట్టానో ఆవిడకు చెప్పలేదు.

మా నర్సుల్లో కొందరికి ఒక పాడలవాటుంది. పని మీద పడినప్పుడు ఆరు గంటలకు చూడాల్సిన నాడి నాలుగింటికే రాసేస్తాం. మనిషి బాగానే కనిపిస్తే డెబ్భై ఎనిమిది. ఎవరికీ అనుమానం రాని అంకె.

గురువారం మధ్యాహ్నం మూడింటికి, ఆఖరి కట్టలో, తాయారు షీటు దొరికింది.

తాయారు ఎండుచేపలు అమ్ముకునే మనిషి. మూడేళ్ల కిందట నా వార్డులో పదకొండో మంచం. ఎన్నిసార్లు ఒళ్లు తుడిచినా ఆ వాసన పోయేది కాదు. ఒక సాయంత్రం ఐదు దాటాక నావైపు చెయ్యి చాపింది.

"ఓలమ్మా, ఓపాలి సెయ్యి సూడమ్మా. లోపల ఏటోలాగున్నాది."

"వస్తన్నానుండమ్మా" అన్నాను.

వెళ్లలేదు. కౌంటర్ దగ్గర ఫోన్‌లో నా కోర్సు క్లాసు నడుస్తోంది. ఆరు గంటల గడిలో డెబ్భై ఎనిమిది అప్పటికే రాసేశాను. ఆరున్నరకు వెళ్లేసరికి ఆ చెయ్యి మంచం అంచు దాటి ఇంకా చాపే ఉంది. చల్లగా. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. నా అంకె ఉంది గనక ఆరు దాటాకే పోయిందని డాక్టరు రాశారు. సిగ్గుతో కుంగిపోయాను కానీ నోరు మాత్రం విప్పలేదు.

ఇప్పుడు అదే అంకె టైపు చేశాను. నా ప్రశ్న నా ఎదుట నిలబడింది. 'లేదు' అంటే విచారణ వస్తుంది, ఉద్యోగం పోతుంది.

'అవును' నొక్కాను.

కరెంటు పోయింది.

జనరేటర్ వేస్తారులే అని కూర్చున్నాను. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. మెట్ల మీద వాన చప్పుడు. నా గుండె చెవుల్లో దడదడలాడుతోంది. అప్పుడు వచ్చింది వాసన... ఉప్పు. ఎండుచేపలు.

బల్ల మీద ఏదో కదిలింది. మెల్లగా.

నా అరచేతిలోకి ఒక మణికట్టు వచ్చి వాలింది. తడిగా... చల్లగా...

"సెయ్యి సూడమ్మా."

నా మూడు వేళ్లు వాటంతటవే నాడి దగ్గరకు వెళ్లాయి. పదకొండేళ్ల అలవాటు. ఏమీ లేదు. వేళ్లు నొక్కాను. లేదు.

ఆ తర్వాత... కొట్టుకుంది.

ఒకటి. రెండు. మూడు.

గడియారం టిక్కులతో నిమిషం నిండా లెక్కపెట్టాను. సగానికి వచ్చేసరికి నా చెవుల్లో దడ ఆగిపోయింది. భయం తగ్గిందనుకున్నాను.

డెబ్భై ఆరు. డెబ్భై ఏడు. డెబ్భై ఎనిమిది.

"సాల్లేమ్మా" అంది. చెయ్యి జారిపోయింది.

లైట్లు వచ్చాయి. గదిలో ఎవరూ లేరు. బల్ల మీద తడి కూడా లేదు.

ఉద్యోగం వచ్చింది. చేరేముందు ఆరోగ్య పరీక్ష చెయ్యాలన్నారు. సోమవారం వరసలో నిలబడ్డాను. కొత్తగా చేరిన నర్సు షీబా నాడి చూడ్డానికి నా చెయ్యి పట్టుకుంది. వేళ్లు కాస్త పైకి జరిపింది, కిందికి జరిపింది. రెండో చెయ్యి అడిగింది. చాలాసేపు పట్టుకుంది. నా ముఖంలోకి చూసింది.

"అక్కా..." గొంతు తగ్గించింది. "ఒంట్లో బానే ఉన్నాదా?"

"బానే ఉన్నాను" అన్నాను. గురువారం నుంచి నా నాడి నాకూ దొరకడం లేదని చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలీక భయమేసింది.

వెనక వరసలో ఇరవై మంది. ఎవరో విసుక్కున్నారు. షీబా తల దించుకుని కంప్యూటర్‌లో డెబ్భై ఎనిమిది కొట్టింది. నేను పెట్టించిన ప్రశ్న వచ్చింది. 'అవును' నొక్కింది.

తర్వాత తన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని, ముఖం చిట్లించి, శానిటైజర్ సీసా అందుకుంది.