గార్నెట్ ఇంకా చదువుతున్నాడు

జనవరి నెలలో కెనడాలోని సాస్కటూన్‌లో ఐదింటికల్లా చీకటి పడిపోతుంది. ఆ సాయంత్రం మార్లిస్ ఫ్రీసెన్ యూనివర్సిటీ ల్యాబ్‌లో కూచుని, బోడాన్ వాళ్ళమ్మ కట్టిచ్చిన బంగాళాదుంప కుడుములు వేడి చేసుకుని తింటోంది. బయట మైనస్ ముప్ఫై రెండు డిగ్రీల చలి. కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పేరుకుంది.

మార్లిస్ చేసేది ఒక విధంగా పుస్తకాలు రాయడమే. ఊరికి గంట దూరంలో ఉన్న, ఎరువులకు వాడే పొటాష్ ఉప్పు తవ్వే గని పనివాళ్ళ కోసం ఆమె రాసిన పుస్తకం కంప్యూటర్ తెర మీద ఉంటుంది. కింద గీత గీసిన మాట మీద నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. అంతవరకు మామూలే. కాని ఆ పుస్తకం తనను చదివే మనిషిని గమనిస్తుంది. ఎవరు ఏ పేజీలో ఎంతసేపు ఆగారో, ఎక్కడ తడబడ్డారో, ఒక్కొక్కరి పేరున రాసిపెట్టుకుంటుంది. నేర్చుకోవలసినదానికి దారి పక్కన పచ్చ చుక్క పెడుతుంది. వచ్చేసిందనుకున్నదానికి పోయే దారిని, మళ్ళీ చదివి విసుగెత్తకుండా, కంటికి కనిపించకుండా తీసేస్తుంది. నాలుగు వందల మంది పనివాళ్ళకు నాలుగు వందల రకాలుగా మారే పుస్తకం అది. గనిలో దాన్ని 'లాంతరు' అంటారు.

"మార్లిస్, ఆ పళ్ళెం అక్కడ పెట్టి ఇటు రా," అన్నాడు బోడాన్. లాంతరుకి కావలసిన ప్రోగ్రాములన్నీ రాసేది అతనే.

"మీ అమ్మ చేతి కుడుములు మధ్యలో వదిలిపెడితే నాకు పాపం చుట్టుకుంటుంది."

"చుట్టుకోనీ. గార్నెట్ జెలిన్‌స్కీ ఇవాళ పదకొండు పేజీలు చదివాడు."

మార్లిస్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది.

గార్నెట్ నవంబరు పంతొమ్మిదిన చనిపోయాడు. గనిలో ఉప్పు మోసే రబ్బరు బెల్టు తగలబడి పొగ కమ్మినప్పుడు, అతను ఒక్కడే పన్నెండో నంబరు రక్షణ గదికి చేరాడు. అలాంటి గదులు గనిలో చాలా ఉన్నాయి. లోపల నీళ్ళు, ప్రాణవాయువు, డబ్బాలో బంకమట్టి ఉంటాయి. తలుపేసుకుని, కింది సందును ఆ మట్టితో మూసేస్తే పొగ రాదు. రెండు రోజులైనా బతకొచ్చు. గార్నెట్ తలుపైతే వేసుకున్నాడు. సందు మూయలేదు. ఆ గదిలో లాంతరు కంప్యూటరు ఉంది, బ్యాటరీ మీద పనిచేస్తూనే ఉంది. దాని ముందు కుర్చీలో కూచునే పోయాడు.

"ఎవరో అతని పేరుతో ఆడుకుంటున్నారు," అంది మార్లిస్.

"ఆ గదిలోకి ఎవరూ పోవడం లేదు. రెండు నెలలుగా తాళం. ఇవి ఆ గది కంప్యూటరు నుంచే వచ్చాయి." బోడాన్ గొంతు తగ్గించాడు. "నిన్న తొమ్మిది. మొన్న తొమ్మిది. డిసెంబరంతా వెనక్కి చూశాను... ఒక్క రోజు కూడా మానలేదు."

"మిషను చెడిపోయి ఉంటుంది."

"నేనూ అదే అనుకుంటున్నాను," అన్నాడు బోడాన్, అనుకోనివాడిలా.

ఆ రాత్రి మార్లిస్‌కు నిద్ర పట్టలేదు. దయ్యాలంటే ఆమెకు నమ్మకం లేదు. నిద్ర పట్టనివ్వనిది వేరే. ఒక పేజీని రెండుసార్లు తెరిస్తే అది వచ్చేసినట్టే లెక్క అన్న నియమం ఆమెదే. 'తెరిచినంత మాత్రాన వచ్చినట్టేనా? ఒక్క ప్రశ్నయినా అడుగుదాం' అని బోడాన్ పోట్లాడాడు. పనివాళ్ళకు పరీక్షలు పెడితే పారిపోతారని ఆమె వినలేదు. గార్నెట్ వెల్డింగు షెడ్డు మనిషి. అప్పటికి గనిలోకి దించి మూడు వారాలే అయింది. శిక్షణ రోజున వెనక మనుషులు వరసలో నిలబడి తొందర పెడుతుంటే పేజీలన్నీ టకటకా నొక్కేసి, కొన్నిటిని రెండోసారి కూడా తెరిచి ఉంటాడు. రెండుసార్లు తెరిచినవాటిని లాంతరు వచ్చేసినట్టు రాసుకుంది. తలుపు సందు పేజీని అతనికి కనబడకుండా దాచేసింది. మార్చిలో జరగబోయే మరణ విచారణలో ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు.

గార్నెట్ పేరున పేజీలు తెరుచుకుంటున్న సంగతి గని వాళ్ళకీ తెలిసింది. ఆ గదిలో చీకట్లో తెర వెలగడం తలుపు కిటికీలోంచి ఇద్దరు చూశారట. ఆ సొరంగం వైపు పనికి పోమని అందరూ మొండికేశారు. గార్నెట్ పేరును లాంతరులోంచి తీసెయ్యమని గని మేనేజరు ఫోను చేశాడు. బోడాన్ ల్యాబ్ నుంచి ఎన్ని విధాల ప్రయత్నించినా ఆ ఒక్క కంప్యూటరు మాట వినలేదు. అక్కడికే వెళ్ళి, పుస్తకం రాసినవాళ్ళ పేరు టైపు చేసి మూసెయ్యాలి.

గురువారం మధ్యాహ్నం మార్లిస్ గనికి వెళ్ళింది.

భద్రత చూసే లైల్ డెజార్లే ఆమెకు టోపీ, దీపం ఇచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, అక్కడి మెటీ జాతివాడు, ముప్ఫై ఏళ్ళుగా గనిలోనే ఉన్నాడు.

"ఏం ప్రొఫెసరమ్మా, ఎలక్కి పెట్టిన బోనులా ఉందా?" అన్నాడు లిఫ్టు కిందికి జారుతుంటే.

"ఎలక్కయితే కనీసం జున్నుముక్క పెడతారు," అంది మార్లిస్. లైల్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు చాలాసేపు కిందికి దిగుతూనే ఉన్నట్టనిపించింది.

కిలోమీటరు లోతున వెచ్చగా ఉంది. గాలి పొడిగా, నాలుకకు ఉప్పగా తగిలింది. జీపు దీపాల వెలుగులో గులాబీ రంగు గోడలు మిలమిలలాడి, వెనక మళ్ళీ ఆరిపోతున్నాయి. అరగంట పోయాక ఆ మెరుపు కూడా పోయింది. గోడలు నల్లగా మసిపట్టి ఉన్నాయి. కాలిన రబ్బరు వాసన. అది గొంతులోకి దిగి అక్కడే కూచుంది.



పన్నెండో నంబరు గది తాళం తీసి, దీపం వెలుగు లోపలికి వేసి చూశాడు. బల్ల, కుర్చీ, కంప్యూటరు. మూలన బంకమట్టి డబ్బా. దాని మూత తీయనేలేదు. అన్నిటి మీదా సన్నని గులాబీ దుమ్ము.

"గార్నెట్ మంచోడమ్మా. వాడికి నేనే తలుపు సంగతి నోటితో చెప్పుండాల్సింది. మీ మిషను చెప్పేసిందనుకున్నా," అన్నాడు లైల్.



జీపులో రేడియో గరగరలాడింది. అక్కడ మాట సరిగా అందడం లేదు. "మలుపు దగ్గర ఫోనుంది. మాట్లాడి పది నిమిషాల్లో వచ్చేస్తా. తలుపు మాత్రం వేసుకోకండి."

"నేనెందుకు వేసుకుంటాను?"

జీపు చప్పుడు దూరమైంది. తర్వాత ఇంక ఏ చప్పుడూ లేదు. భూమి పైన ఎంత నిశ్శబ్దంలోనైనా ఏదో ఒకటి వినిపిస్తుంది. ఇక్కడ తన నెత్తురు తనకే వినిపిస్తోంది.

మార్లిస్ కుర్చీ దుమ్ము దులిపి కూచుంది. తెర నల్లగా ఉంది. మీట మీద వేలు పెట్టబోయింది.

వెనక తలుపు మెల్లగా మూసుకుంది.

గాలి ఒత్తిడికి అయుంటుంది అనుకుంది. లేచి వెళ్ళి లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది.

ఆమె వెనక తెర వెలిగింది.

'స్వాగతం, గార్నెట్.'

మార్లిస్ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పేజీ మారింది. గని పటం. కాసేపు ఆగింది. గాలి పంకాలు. ఆగింది. కాలిన గాయాలకు ప్రథమ చికిత్స. ఆ పేజీ కింది వరకు కదిలి మళ్ళీ పైకి వచ్చింది... ఎవరో వేలు పెట్టి వెతుకుతున్నట్టు.

బల్ల మీద మౌసు కదులుతోంది. దాని వెనక దుమ్ములో సన్నని గీత పడుతోంది.

మార్లిస్‌కు అర్థమైంది. గార్నెట్, లాంతరు దాచేసిన పేజీ కోసం వెతుకుతున్నాడు. నేరుగా పోయే దారిని ఆమె నియమం తీసేసింది. చుట్టుదారి ఒకటి మిగిలింది. గాయాల నుంచి మందుల పెట్టెకు, పెట్టె నుంచి గదిలో సామాన్ల జాబితాకు, జాబితా నుంచి బంకమట్టికి. అలా ఒక దారి మిగిలిపోయిందని ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

మందుల పెట్టె తెరుచుకుంది.

రబ్బరు వాసన పెరిగింది. ఇప్పుడు అది పాత వాసన కాదు. వెచ్చగా ఉంది. కళ్ళు మండుతున్నాయి.

సామాన్ల జాబితా.

కుర్చీ కిర్రుమంది. ఖాళీ కుర్చీ. దాని తోలుమెత్త, మనిషి బరువుకి కుంగినట్టు, కొంచెం కిందికి దిగింది.

"లైల్!" అని అరిచింది మార్లిస్. 

మౌసు తొందరపడుతోంది. జాబితాలో ఒక్కో మాట దాటుతోంది. దుప్పట్లు... నీళ్ళు... దీపాలు...

బంకమట్టి.

పేజీ తెరుచుకుంది. 'రక్షణ గది తలుపు. అడుగు సందు మూయు విధానం.' కింద ఆమె తన చేత్తో గీసిన బొమ్మ. తెర మూలన టైము, నాలుగూ పది.

ఎవరో ఊపిరి వదిలారు. దీర్ఘంగా, ఎంతో దూరం నడిచి ఇల్లు చేరినవాడిలా. ఆ ఊపిరి ఆమె చెంపకు తగిలింది.

మార్లిస్‌కు ఇంక ఒళ్ళు తెలియలేదు. ఒక్క అంగలో బల్ల దగ్గరికి వెళ్ళి 'మూసివేయి' మీట నొక్కింది. తెర పేరు అడిగింది. తన పేరు టైపు చేసింది.

"ఆగు..."

చెవి పక్కనే. పొగ నిండిన బొంగురు గొంతు. కోపం లేదు అందులో. బతిమాలుతోంది.

"ఆగు... చదవనీ..."

ఆమె ఆగలేదు. ఆఖరి మీట నొక్కేసింది.

తెర నల్లబడింది.

చీకట్లో దగ్గు మొదలైంది. మొదట గట్టిగా. తర్వాత ఎడతెరిపి లేకుండా. తర్వాత ఆ కుర్చీలోనే, బల్ల మీదికి వాలినట్టు... సన్నగా... ఆగి ఆగి...

తర్వాత లేదు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. "వేసుకోవద్దని చెప్తే వినరేం?" అన్నాడు లైల్. ఆమె ముఖం చూసి గబగబా లోపలికొచ్చాడు. భుజం పట్టుకుని జీపు దాకా నడిపించాడు.

ఆ సాయంత్రం నుంచి గార్నెట్ పేరున ఒక్క పేజీ కూడా రాలేదు. "చూశావా, మిషనే," అన్నాడు బోడాన్. ఆ గొంతు గురించి మార్లిస్ అతనికి చెప్పలేదు. లైల్‌కూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. కాని ఒకటి తేల్చుకుంది. విచారణలో నిజం చెప్పేస్తుంది.

మార్చిలో మంచు కరగడం మొదలయ్యాక విచారణ జరిగింది. దాన్ని జరిపే కరోనర్ నెరిసిన మీసాల డాక్టరు, నెమ్మదైన మనిషి. మార్లిస్ నిలబడి దాపరికం లేకుండా చెప్పింది. ఆ నియమం నాదే, బోడాన్ వద్దన్నా నేనే పెట్టాను, దానివల్లే ఆ పేజీ అతనికి కనబడలేదు అంది.  మొదటి వరసలో గార్నెట్ భార్య వెర్నా, ఊదారంగు కోటులో, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది.

"దాచకుండా చెప్పారు, మంచిదమ్మా," అన్నాడు కరోనర్. "అయితే నాకొక సందేహం. ప్రమాదం మర్నాడే, నవంబరు ఇరవయ్యిన, గని వాళ్ళు ఆ కంప్యూటరులో ఉన్నదంతా కాగితాల మీద అచ్చు తీసి కవరులో పెట్టి సీలు వేశారు. ఇవాళ పొద్దున మీ అందరి ఎదుటే విప్పాను. ఇందులో ఏముందంటే, ఆయనకు ఆ పేజీ దొరికింది."

మార్లిస్ బల్ల అంచు పట్టుకుంది.

"చాలా చుట్టు తిరిగి పట్టుకున్నాడు. సాయంత్రం నాలుగూ పదికి. అప్పటికి ఇంకా బతికే ఉన్నాడు, టైముంది. కాని ఆరు సెకన్లలో ఎవరో ఆ పేజీని మూసేశారు. ఆ గదిలోంచే. మూసినవారి పేరు కూడా ఉంది." ఆయన కళ్ళజోడు సవరించుకుని కాగితం దగ్గరగా పెట్టుకున్నాడు. "మార్లిస్ ఫ్రీసెన్ అని. నవంబరు పంతొమ్మిదిన ఆ వేళకు మీరెక్కడున్నారు?"

"యూనివర్సిటీలో... పాఠం చెబుతున్నాను," అంది మార్లిస్.  "అరవై మంది పిల్లలున్నారు. కావాలంటే అడగండి."

"కవరు విప్పగానే యూనివర్సిటీకి ఫోను చేసి అడిగాం. నిజమే. అందుకే నాకు అర్థం కావడం లేదు."

ఆయన కాగితాన్ని పక్కవాళ్ళకు అందించాడు. అది చేతులు మారుతుండగా గదిలో గుసగుసలు లేచాయి. వెర్నా మాత్రం కాగితం వైపు చూడలేదు. లేచి, మెల్లగా నడిచి మార్లిస్ ముందుకొచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన కళ్ళు.

వంగి, ఆమెకొక్కదానికే వినిపించేలా అడిగింది.

"ఆగమన్నాడు కదా... ఎందుకు ఆగలేదమ్మా?"