ఆరని కట్టు

“పాత మోటార్ల మాగ్నెట్లని ఆసిడ్‌లో కరిగిస్తే కవలల్లాంటి లోహాలు కలిసే వస్తాయోయ్. వాటిని విడదీసే మెంబ్రేన్‌ని మన ల్యాబ్‌లోంచి ఎవరో లేపేశారు,” అన్నాడు చీఫ్. “పలచటి ప్లాస్టిక్ పొర. ద్రవంలా ఉండే ఒక ఉప్పుతో తడిపారు. ఆ తడి గాలికి ఆరదు. స్పిరిట్ తగిలిందా, ఉప్పంతా కొట్టుకుపోయి ఉత్త ప్లాస్టిక్ మిగుల్తుంది. అది సరిహద్దు దాటితే మన ఇన్నేళ్ల శ్రమ హుళక్కి. మధ్యాహ్నం రైల్లో చేతులు మారుతుందని టిప్.”

ఏజెంట్ పిల్లి అంటే పులి నోట్లో తలపెట్టి ఆవలించి వచ్చిన మనిషి. ఆవలించింది పులేనని గిట్టనివాళ్లంటారు. అలాంటివాడు ‘ఆరదు’ అన్న మాట దగ్గరే చిక్కుకుపోయాడు.

అతని భార్య ఆ ల్యాబ్‌లోనే కెమిస్ట్. మొన్న చెయ్యి కాలిందంటూ కట్టుతో ఇంటికొచ్చింది. కట్టు మీద తడి మరక ఎంతకీ ఆరలేదు. మందేమో అనుకుని, ఉఫ్ ఉఫ్‌మని ఊదుతూ, తనే అన్నం తినిపించాడు.

రైల్లో అతనిది టికెట్ ఇన్‌స్పెక్టర్ వేషం. బూటు మడమలో ట్రాన్స్‌మిటర్, జేబులో స్పిరిట్ సీసా. ఫస్ట్ క్లాస్‌లో ఆమె ఉంది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర చీర, తెల్ల కట్టు. ఎదురుగా సూటు మనిషి.

“ఈ రైలు సముద్రం దాకా పోతుందా?” అన్నాడు సూటు మనిషి.

“ఉప్పు దొరికేదాకా పోతుంది,” అందామె.

కోడ్ కలిసింది. సూటు మనిషి కట్టు మీద చెయ్యి వేశాడు.

“టికెట్!” అన్నాడు పిల్లి, మడమ నొక్కుతూ.

ఆమె తలెత్తింది. “మీసం ఊడుతోందండీ. జిగురు సరిగ్గా రాసుకోమని ఎన్నిసార్లు చెప్పాను?”

“నువ్వు రాస్తే ఊడదు.” పిల్లి జేబులోంచి సీసా తీశాడు. “ఎవరి మనిషివే నువ్వు?”

“మొదట్నుంచీ వీళ్ల మనిషినే. మీ పక్కన చేరడమే నా డ్యూటీ.”

“మరి మన పెళ్లి?”

“అదీ డ్యూటీయే. కాపురం మాత్రం వీళ్లు చెప్పింది కాదు.”

సూటు మనిషి పిస్టల్ లాగాడు. పిల్లి సీసా మూత తీశాడు. తీసి, ఆగిపోయాడు. కాలిన చేతి మీద స్పిరిట్ పడితే ఎంత మండుతుంది!

ఆమెకి అర్థమైంది. చెయ్యి తనే ముందుకు చాపింది. “పొయ్యండి. కింద గాయం లేదు.”

పోశాడు. కట్టులోంచి ఉప్పు జిగటగా బొటబొటా కారిపోయింది. సూటు మనిషి వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకునేలోపు పక్క పెట్టెలోంచి డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి మీద పడ్డారు.

పిల్లి కట్టు విప్పాడు. ఉత్త ప్లాస్టిక్ పొర రాలింది. చెయ్యి నున్నగా ఉంది. మచ్చయినా లేదు. ఒక్క మచ్చ ఉన్నా బాగుండేదని, ఆ చెయ్యి పట్టుకునే ఏడ్చాడు. తర్వాత దానికే బేడీ వేశాడు.

“శభాష్!” అన్నాడు చీఫ్. “కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండి రెస్ట్ తీసుకోవోయ్.”

“వద్దు సార్. ఇంటికన్నా డేంజర్ తక్కువున్న మిషన్ ఏదైనా ఉంటే ఇప్పించండి.”