రెండక్షరాల మందు

చింతాద్రిపేటలోని పాత ఇంట్లో, మంచం పక్కన నేల మీద, వాసవాంబ చనిపోయి పడి ఉంది. రిటైరైన తెలుగు టీచరు. గదంతా వాంతి కంపు. గ్లాసు అడుగున కాఫీ మడ్డి. పక్కనే ఎలుకల మందు ట్యూబు.

ఇన్‌స్పెక్టర్ మధుమిత ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుంది.

ఆత్మహత్యేనని సబ్ ఇన్‌స్పెక్టర్ మణిమారన్ తేల్చేశాడు. వాసవాంబ ఫోను చూపించాడు. పొద్దున 6.40కి స్నేహితురాలు వరదలక్ష్మికి పంపిన ఆఖరి మెసేజ్. ఒకటే మాట: "మందు".

మణిమారన్‌కు తెలుగు రాదు.

"మరి అర్థం ఎవరు చెప్పారు?"

"ఈయనే మేడమ్."

ఈయనంటే శ్యామ్. వాసవాంబ తమ్ముడి కొడుకు, ఆ ఇంట్లోనే ఉంటాడు. మందంటే విషమని, తాగేశానని అత్త చెప్పుకుందని మణిమారన్‌కు తమిళంలో వివరించాడట. తను ఆరింటికే బయటికి వెళ్లానని, పదింటికి వచ్చేసరికి ప్రాణం పోయిందని చెప్పాడు. చెబుతూనే హాల్లో కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పాడు. పక్క గదిలో శవం. చట్నీ నంజుకుంటున్నాడు.

మధుమిత తెలుగింటి పిల్ల. విషం తాగిన మనిషి 'తాగాను' అనకుండా ఒట్టి 'మందు' అంటుందా? పురసవాక్కం నుంచి వరదలక్ష్మిని పిలిపించింది.

"ఆత్మహత్యా? ఎవరన్నారమ్మా ఆ మాట?" అంది వరదలక్ష్మి. "దినామూ పేపర్లో గళ్ల నుడికట్టు ఇద్దరం కలిసే పూరిస్తాం. ఇయ్యాళ ఒకటి నాకు తట్టలా. రోగి మింగేది, తాగుబోతు వెతికేది, తుపాకీలో కూరేది. రెండక్షరాలు. వాసవిని అడిగితే చెప్పింది."

మధుమిత ఆమె ఫోను తీసుకుని చూసింది. నేరుగా హాల్లోకి నడిచింది.

"శ్యామ్, మీ అత్త ఆఖరి మెసేజ్ 'మందు' కాదు. దాని ముందువీ తర్వాతవీ ఆమె ఫోనులో నువ్వు చెరిపేశావు. ఆ ఫోనులో మాత్రమే చెరిపితే అవతలి ఫోనులోంచి పోవు." 6.52 మెసేజ్ చదివింది. "శ్యామ్ ఇప్పుడే కాఫీ పెట్టి ఇచ్చాడు. ఎందుకో చేదుగా ఉంది."

శ్యామ్ చెయ్యి ఇడ్లీ మీదే ఆగింది.

"ఆరింటికే పోయినవాడివి కాఫీ ఎట్లా పెట్టావు?"

ఇల్లు బిల్డర్‌కి ఇద్దామంటే అత్త వినలేదని, ఎట్లాగూ వయసైపోయిన మనిషేనని గొణిగాడు.

"ఆమె కక్కుకుంటుంటే ఫోను లాక్కున్నావు. ఏ మాట ఉంచాలో, ఏది తుడిచెయ్యాలో కూర్చుని ఏరుకున్నావు."

మధుమిత వాణ్ని తన కళ్ల ముందునుంచి తీసుకుపొమ్మని మణిమారన్‌కు చెప్పింది.

వరదలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మం దగ్గర కూలబడింది. ఆ కాఫీ మెసేజ్ కింద ఆమె ఇచ్చిన జవాబు ఉంది.

"ఇంకో చెంచా చక్కెర వేసుకుని తాగవే."

మధుమిత దాన్ని పైకి చదవలేదు.